కడవకు చెమట ఎందుకు పడుతుంది?

అనంతపురం జిల్లాలోని ఒక పల్లెటూరి హైస్కూల్లో సైన్సు చెప్పే రోజుల్లో నా బల్ల మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. మూతకు చిన్న గాటు పెట్టించాను. లేచి అడగడానికి జంకే పిల్లలు తమ ప్రశ్నను చీటీ మీద రాసి అందులో వేసేవాళ్లు. పేరు రాయనక్కర్లేదు. శనివారం ఆఖరి పీరియడులో డబ్బా తెరిచి ఒక్కో చీటీ చదివేదాన్ని. ఒక మార్చి నెలలో, నోటుపుస్తకం అంచు చింపి పెన్సిలుతో రాసిన చీటీ ఒకటి వచ్చింది. "కడవకు చెమట ఎందుకు పడ్తాది టీచర్? మనకు మాదిరి దానికీ ఉక్కపోస్తాదా?"

క్లాసంతా గొల్లుమంది. నేను "దాన్ని బాష్పీభవనం అంటారు" అని బోర్డు మీద రాసి ఇంకో చీటీ తీశాను. ఆ మాటను అందరూ బుద్ధిగా నోట్సులోకి ఎక్కించుకున్నారు. అడిగింది పిల్లాడో పిల్లో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా కడవలో చెంబు ముంచుతుంటే తట్టింది, ఆ చీటీలోని రెండో వాక్యంలోనే జవాబు ఉందని. చెమట మన ఒంటికి ఏ పని చేస్తుందో కడవకూ అదే పని చేస్తుంది. ఆ బిడ్డ ఒక్క పోలిక పట్టుకుని సగం దారి తనంతట తానే నడిచి వచ్చింది. నేను పెద్ద మాట ఒకటి అడ్డం వేసి అక్కడే ఆపేశాను.

ఆ తప్పు నన్ను చాలాకాలం బాధించింది. అప్పటినుంచి నేను పట్టుకున్న నియమం ఒకటే: పిల్లలకు పేరు ఆఖరున చెప్పాలి. ముందు జరిగేదేమిటో వాళ్లు కళ్లతో చూడాలి, చేత్తో ముట్టుకోవాలి. గురుత్వాకర్షణ, కిరణజన్య సంయోగక్రియ, బాష్పీభవనం అన్నీ గొప్ప మాటలే, కాదనను. కానీ ముందే చెప్పేస్తే అవి తలుపు గడియల్లా పనిచేస్తాయి. జవాబు దొరికిందనుకుని పిల్ల వెనక్కి తిరిగిపోతుంది.

సోమవారం మళ్లీ కడవ దగ్గరికే వెళ్లాం. స్టీలు బిందె ఒకటి, మట్టి కడవ ఒకటి, రెండూ బడి వరండాలో పక్కపక్కన పెట్టి ఉదయాన్నే నీళ్లు పోశాం. మధ్యాహ్నానికి బిందె బయటివైపు పొడిగా ఉంది, నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. కడవ మాత్రం చెయ్యి వేస్తే తడి తగులుతోంది, నీళ్లు చల్లగా ఉన్నాయి. కుమ్మరి ఆవంలో కాలిన మట్టిలో కంటికి ఆననంత సన్నటి రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిగుండా నీరు మెల్లగా బయటికి ఊరి, గాలి తగలగానే ఆవిరైపోతుంది. ఇంతవరకూ పిల్లలు వాళ్లే చెప్పారు. ఆవిరైతే చల్లబడడమెందుకు అన్నచోట ఆగిపోయారు.

అప్పుడు ఇలా అడిగాను: "మన క్లాసులో బాగా మార్కులొచ్చే పదిమంది లేచి బయటికి వెళ్లిపోతే, మిగిలినవాళ్ల సగటు మార్కులు ఏమవుతాయి?" తగ్గుతాయన్నారు. నీళ్లలో కణాలన్నీ ఒకే వేగంతో కదలవు. కొన్ని నెమ్మదిగా, కొన్ని చురుగ్గా కదులుతుంటాయి. పక్కవాటి పట్టు తెంచుకుని గాలిలోకి ఎగిరిపోగలిగేవి ఎక్కువగా చురుకైనవే. అవి పోతే మిగిలినవాటి సగటు వేగం తగ్గుతుంది. మనం వేడి, చల్లన అంటున్నది ఆ సగటునే. లెక్కల్లో సగటు నేర్చుకున్న పిల్లలకు ఇంతకుమించి చెప్పాల్సిన పని లేకపోయింది.

లెక్క కూడా వేశాం. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే ఒక కేలరీ వేడి తీసేస్తే చాలు. అదే ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కేలరీలు కావాలి. కాబట్టి 10 లీటర్ల కడవ 10 డిగ్రీలు చల్లబడడానికి 170 గ్రాముల నీరు, అంటే గ్లాసుకు కాస్త తక్కువ, ఆవిరైతే సరిపోతుంది. నిజానికి చుట్టూ ఉన్న ఎండ వేడి కడవలోకి చేరుతూనే ఉంటుంది కనుక ఇంకొంచెం ఎక్కువే ఖర్చవుతుంది. అయినా కరెంటు అక్కర్లేకుండా గ్లాసెడు నీళ్ల ఖర్చుతో కడవెడు నీళ్లు చల్లబడడం చూసి, ఎప్పుడూ వెనక బెంచీ వదలని పిల్లలు కూడా ముందుకొచ్చి కడవ మీద చేతులు పెట్టి చూశారు. కడవ కింద తడి ఇసుక పోయడం, చుట్టూ తడిగుడ్డ కట్టడం మన అమ్మమ్మలు ఎందుకు చేసేవారో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. పాతబడిన కడవ సరిగా చల్లబరచకపోవడం కూడా అంతే. నీళ్లలోని ఉప్పులు రంధ్రాలను పూడ్చేస్తాయి.

ఈ కథ అక్కడితో అయిపోలేదు. ఉద్యోగం విరమించాక విశాఖపట్నంలో మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. వచ్చిన మొదటి వేసవిలోనే ముచ్చటపడి ఒక కుండ కొన్నాను. రెండు రోజులు చూసి మా తొమ్మిదేళ్ల మనవరాలు తేల్చేసింది. "నానమ్మా, నీ కుండ పనిచేయట్లేదు. మీ ఊళ్లో పళ్లు జివ్వుమనేవి అన్నావుగా?"

నిజమే, పనిచేయట్లేదు. కుండది తప్పు కాదు, గాలిది. అనంతపురంలో వేసవి మధ్యాహ్నం గాలి ఎముకలా ఎండిపోయి ఉంటుంది. 40 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం ఉందనుకుందాం. అక్కడ తడిసిన వస్తువు దాదాపు 23 డిగ్రీల దాకా చల్లబడగలదు. విశాఖ తీరాన ఎండ 34 డిగ్రీలే ఉన్నా, తేమ 70 శాతం ఉంటే తడిసిన వస్తువు 29 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే కుండ విడిచే ఆవిరికి చోటుండదు. మన చెమటకూ అదే గతి. అనంతపురం ఎండ మాడుస్తుంది, విశాఖ ఎండ ఉడికిస్తుంది అని జనం అనే మాటలో ఉన్న భౌతికశాస్త్రం ఇదే. ఇదంతా మా మనవరాలికి మాటల్లో చెప్పలేదు. థర్మామీటరు బల్బుకు తడి దూదిపింజ చుట్టి ఫ్యాను ముందు పెట్టాను. అంకె దిగుతూ దిగుతూ ఎక్కడ నిలబడిందో తనే రాసుకుంది. అనంతపురంలో ఉన్న నా పాత విద్యార్థికి ఫోను చేసి అక్కడా అదే పని చేయించింది. రెండు అంకెలు పక్కపక్కన రాసి చూసుకున్నాక కుండను తిట్టడం మానేసింది.

మరుసటి వారం ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసి బల్ల మీద పెట్టి, "దీనికీ చెమట పడుతోంది! ప్లాస్టిక్‌కు కూడా రంధ్రాలుంటాయా?" అంది. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. రెండు చెమటలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, జరిగే పని మాత్రం పూర్తిగా తలకిందులు. కుండ మీది తడి లోపలి నుంచి వచ్చింది. సీసా మీది తడి బయటి గాలిలోంచి వచ్చింది. చల్లటి సీసాను తాకిన గాలి తనలోని ఆవిరిని పట్టి ఉంచుకోలేక నీటిబొట్లుగా వదిలేస్తుంది. కుండ మీద నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. సీసా మీద ఆవిరి నీరవుతూ వేడిని తెచ్చి ఇస్తుంది. అందుకే ఉక్కపోసే ఊళ్లో ఫ్రిజ్ నీళ్లు తొందరగా వెచ్చబడతాయి.

నమ్మకం కుదరలేదు పిల్లకు. కుదరకపోవడమే మంచిది. గాజు గ్లాసులో బీట్‌రూట్ రసం పోసి ఐసుముక్కలు వేశాం. పది నిమిషాలకు గ్లాసు బయట బొట్లు కట్టాయి. తెల్లటి రుమాలుతో తుడిచి చూసింది. రుమాలు తడిసింది కానీ ఎర్రమరక లేదు. లోపలి రసం బయటికి రాలేదని అప్పుడు ఒప్పుకుంది.

పిల్లల ప్రశ్నలన్నిటికీ ఇలా వంటింట్లోనే ప్రయోగం దొరుకుతుందని అనను. చందమామ సంగతి చూడండి. రాత్రిపూట బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఏ పిల్లయినా అడిగేదే: చందమామ మనతో ఎందుకు వస్తున్నాడు? "నువ్వంటే ఇష్టం కనుక" అని ముద్దు చేసే పెద్దవాళ్లున్నారు. ముద్దుకు అదీ బాగానే ఉంటుంది. కానీ అసలు సంగతి అంతకంటే అందమైనది.

బస్సు కిటికీలోంచి రోడ్డు పక్క చెట్లు రివ్వున వెనక్కి పోతాయి. దూరంగా ఉన్న తాటితోపు మెల్లగా పోతుంది. ఇంకా దూరంలోని కొండ కదిలీ కదలనట్టుంటుంది. దూరం పెరిగేకొద్దీ కదలిక తగ్గుతుందన్నమాట. చంద్రుడున్నది దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరంలో. అతని అడ్డకొలత 3,474 కిలోమీటర్లు. విజయవాడ నుంచి గుంటూరు సుమారు 35 కిలోమీటర్లు. అంత ప్రయాణం చేసినా చంద్రుడు తన వెడల్పులో నూరోవంతు మాత్రమే పక్కకు జరిగినట్టు కనిపించాలి. అది మన కంటికి ఆనదు. (ఆ ప్రయాణం సాగేలోపు చంద్రుడు పడమరకు జరుగుతాడు నిజమే, అది భూమి తిరగడం వల్ల, బస్సు వల్ల కాదు.) చుట్టూ అన్నీ వెనక్కి పోతుంటే ఒక్కటి మాత్రం పోకపోతే, అది మనతోపాటు నడుస్తోందని మెదడు తీర్మానించుకుంటుంది. మనతో నడిచే మనిషి కూడా కిటికీలో అలాగే కదలకుండా కనిపిస్తాడు కదా.

దీనికి బొటనవేలు చాలు. చెయ్యి చాపి వేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి చూసి, తరువాత రెండో కన్ను మూసి చూడమనండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది. ముక్కు దగ్గర పెడితే ఇంకా ఎక్కువ గెంతుతుంది. రెండు కళ్లూ రెండు బస్టాపులు అనుకోవాలి. కళ్ల మధ్య దూరం పెంచగలిగితే చంద్రుణ్ణి కూడా గెంతించవచ్చు. 1751, 52 సంవత్సరాల్లో ఫ్రెంచి ఖగోళవేత్తలు ఇద్దరు సరిగ్గా ఆ పనే చేశారు. లకాయ్ ఆఫ్రికా దక్షిణపు కొసన కేప్ ఆఫ్ గుడ్ హోప్‌లో, కుర్రవాడైన లలాండ్ బెర్లిన్‌లో కూర్చుని చంద్రుణ్ణి కొలిచారు. రెండుచోట్లా చంద్రుడి స్థానంలో డిగ్రీకి పైగా తేడా వచ్చింది. అంటే చంద్రుడి వెడల్పుకు రెండింతలు మించి. ఆ తేడాతోనే చంద్రుడి దూరం లెక్కగట్టారు. బస్సులో పిల్ల అడిగిన ప్రశ్నా, ఆకాశంలో దూరాలు కొలిచే విద్యా ఒకటే.

ఉల్లిపాయ కోస్తే కన్నీళ్లెందుకన్న ప్రశ్న ఏటా డబ్బాలో పడేది. దానికి జవాబు చిన్నదే. కోసినప్పుడు ఉల్లి కణాలు చితికి, విడివిడిగా దాచుకున్న రసాయనాలు కలిసిపోయి ఒక ఘాటైన వాయువు పుడుతుంది. అది కంట్లో పడితే కడిగేయడానికి నీళ్లు ఊరతాయి. ఉల్లిపాయను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి కోస్తే ఆ పని మందగిస్తుంది.

అత్తిపత్తి అలా తేలిగ్గా వదిలేది కాదు. ముట్టుకుంటే ముడుచుకుపోయే ఆ మొక్క బడి ఆవరణలో ఉంటే చాలు, సైన్సు గది అక్కర్లేదు. ఆకు మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది. అందులోని కణాలు నీటితో బిగుసుకుని ఆకును నిలబెడతాయి. తాకిన కబురు అందగానే ఒక పక్క కణాల్లోంచి పొటాషియం బయటికి పోతుంది, దాని వెంట నీరూ పోతుంది. గాలి తీసిన సైకిల్ ట్యూబులా ఆ పక్క మెత్తబడి ఆకు వాలిపోతుంది. మళ్లీ నీరు చేరి విచ్చుకోవడానికి పదిహేను నిమిషాల నుంచి అరగంట పడుతుంది. మా పిల్లలు గడియారం పెట్టుకుని దాని చుట్టూ కూర్చునేవాళ్లు. "ఊరికే ముట్టుకుంటా ఉంటే దానికి అలవాటైపోదా టీచర్?" అని ఒకమ్మాయి అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. 2014లో మోనికా గాగ్లియానో అనే శాస్త్రవేత్త బృందం ప్రచురించిన ప్రయోగం చదివినప్పుడు ఆ అమ్మాయే గుర్తొచ్చింది. వాళ్లు అత్తిపత్తి కుండీలను 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మెత్తగా పడేలా పదేపదే వదిలారు. మొదట్లో ఆకులు ముడిచిన మొక్కలు, దెబ్బేమీ తగలడం లేదని కాబోలు, తరువాత ముడవడం మానేశాయి. వేరే రకంగా కుదిపితే మాత్రం ముడుచుకున్నాయి. నెల తరువాత వదిలి చూసినా ఆ అలవాటు పోలేదు. దీన్ని నేర్చుకోవడం అనవచ్చా అన్నదాని మీద వృక్షశాస్త్రవేత్తల్లో వాదన సాగుతూనే ఉంది. అనంతపురం జిల్లా పల్లెలో తొమ్మిదో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న అది.

పెద్దవాళ్లు ధీమాగా చెప్పే జవాబుల్లోనూ తప్పులుంటాయి. విశాఖ బీచిలో నిలబడి సముద్రం నీలంగా ఎందుకుందని పిల్ల అడిగితే, ఆకాశం నీడ పడి అని పక్కనున్న నలుగురూ చెబుతారు. లార్డ్ రేలీ అంతటి భౌతికశాస్త్రవేత్త కూడా అదే అన్నాడు. ఈ ఊళ్లోనే చదువుకుని పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పూర్తి చేసిన ఒక కుర్రవాడు పెద్దయ్యాక దాన్ని ఒప్పుకోలేదు. 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగివస్తూ సి.వి.రామన్ ఒక నికోల్ పట్టకంలోంచి మధ్యధరా సముద్రాన్ని చూశాడు. నీటి మీద పడి తిరిగొచ్చే ఆకాశపు వెలుతురును ఆ పట్టకంతో అడ్డుకున్నాడు. అయినా సముద్రం నీలంగానే ఉంది. నీటి కణాలు కాంతిని చెదరగొట్టడమే కారణమని ఆయన చెప్పాడు. నీరు ఎరుపును ఎక్కువగా పీల్చుకోవడం అంతకంటే పెద్ద కారణమని ఇప్పుడు మనకు తెలుసు. ఆకాశపు నీడకు కొంత పాత్ర ఉంది, మబ్బు పట్టిన రోజున సముద్రం బూడిద రంగు తేలడం అందుకే. కాంతి చెదిరే తీరు మీద రామన్ ఏళ్ల తరబడి చేసిన పని 1928లో రామన్ ఎఫెక్ట్‌కు, 1930లో నోబెల్ బహుమతికి దారితీసింది.

నా బిస్కెట్ల డబ్బా లాంటిదే ఇంకా పెద్ద ఎత్తున నడిచిన చోటు ఒకటుంది. మధ్యప్రదేశ్‌లో 1972లో హోషంగాబాద్ జిల్లాలోని 16 బడుల్లో ఒక సైన్సు బోధన కార్యక్రమం మొదలైంది. పాఠం వల్లించడం కాకుండా ప్రయోగం చేసి తెలుసుకోవడం దాని పద్ధతి. ఏ ప్రశ్న వచ్చినా సవాలీరామ్‌కు ఉత్తరం రాయమని పిల్లలకు చెప్పేవారు. సవాలీరామ్ అనే మనిషి లేడు, అది కల్పించిన పేరు. కానీ ఉత్తరాలు నిజంగా వచ్చేవి, జవాబులు నిజంగా వెళ్లేవి. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. అది ఆగిపోవడం ఈ దేశపు పిల్లలకు జరిగిన నష్టమని నేను మనసారా నమ్ముతాను. మన తెలుగులో మహీధర నళినీమోహన్, నండూరి రామమోహనరావు, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటివారు సైన్సును మామూలు మాటల్లో రాసి చూపించారు. జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రిక పిల్లల చేతికి ఇచ్చింది. రాసేవారు లేక కాదు, అడిగే పిల్లను ఆపకుండా ఉండే ఇళ్లూ బడులూ తక్కువై మనకీ కొరత.

ఆపితే ఏం పోతుందో చెప్పడానికి ఎరాస్టో ఎంపెంబా ఒక్కడు చాలు. 1963లో ఇప్పటి టాంజానియాలోని ఒక బడిలో పిల్లలు పాలు కాచి, చక్కెర కలిపి ఐస్‌క్రీం చేసుకుంటున్నారు. చల్లారాక ఫ్రీజర్‌లో పెట్టాలి. చోటు దొరకదేమోనన్న తొందరలో ఎంపెంబా వేడి పాలనే పెట్టేశాడు. గంటన్నర తరువాత చూస్తే అతనివే ముందు గడ్డకట్టాయి. ఎందుకని అడిగితే నువ్వు పొరబడ్డావన్నారు. పై తరగతిలో మళ్లీ అడిగితే అది ఎంపెంబా ఫిజిక్సు, లోకంలో చెల్లే ఫిజిక్సు కాదని మాస్టారు ఎగతాళి చేశాడు. దారుస్సలాం విశ్వవిద్యాలయ కళాశాల నుంచి డెనిస్ ఆస్‌బార్న్ అనే ఆచార్యుడు బడికి ఉపన్యాసానికి వచ్చినప్పుడు, తోటిపిల్లలు నవ్వుతుండగా అతను ఆ ప్రశ్న మూడోసారి అడిగాడు. ఆస్‌బార్న్ నవ్వలేదు. ప్రయోగం చేసి చూస్తానన్నాడు, చేశాడు. 1969లో ఇద్దరి పేర్లతో వ్యాసం అచ్చయింది. వేడినీళ్లు ముందు గడ్డకట్టడం నిజంగా జరుగుతుందా, జరిగితే ఎప్పుడు, ఎందుకు అన్నది శాస్త్రవేత్తలు ఈనాటికీ తేల్చుకోలేదు. నమ్మి కొలిచినవారూ ఉన్నారు, కొలిచి కాదన్నవారూ ఉన్నారు.

ఈ వేసవిలో మీ ఇంట్లో ఒక చిన్న మట్టి కూజా నిండా నీళ్లు పోయండి. ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసి, పొడిగుడ్డతో తుడిచి పక్కన పెట్టండి. వంటింటి తూకం మీద రెండిటినీ తూచి బరువులు రాసుకోండి. రెండిటికీ చెమట పడుతుంది. అరగంట తరువాత ఏది తేలికవుతుందో, ఏది బరువెక్కుతుందో తూచకముందే పిల్లలను చెప్పమనండి. ఆ తరువాత తూకం వాళ్ల చేతికే ఇవ్వండి.